పుస్తకం పక్కన తీర్పు: పదిమంది కలిసి చదవదగ్గ ట్రూ క్రైమ్ ఏది?

చెన్నైలో టీనగర్‌లోనో మైలాపూర్‌లోనో నెలకోసారి కూడే తెలుగు చదువరుల బృందాల్లో కవిత్వ సంపుటి పెడితే కుర్చీలు మిగిలిపోతాయి, హత్య కేసు పుస్తకం పెడితే చాలవు. పుస్తకం తెరవకుండా వచ్చినవాళ్లు కూడా ఆ రోజు నోరు విప్పుతారు. చిక్కల్లా ఆ ఉత్సాహం గంటలోపే చల్లారిపోవడం. ఎవరు చంపారు, ఎలా దొరికారు, ఎంత శిక్ష పడింది అన్న మూడూ అయిపోయాక మిగిలేది "అబ్బ, ఎంత ఘోరం!" అన్న మాట ఒక్కటే. ఆ తర్వాత కాఫీలు వస్తాయి, మాట పిల్లల చదువుల మీదికి మళ్లుతుంది. రాత్రిపూట ఒంటరిగా పట్టుకుంటే తెల్లారేదాకా వదలని పుస్తకం పదిమంది మధ్య పెట్టేసరికి చప్పబడిపోవడం ట్రూ క్రైమ్‌కి, అంటే నిజంగా జరిగిన నేరాల మీద రాసే పుస్తకాలకి, కొత్త కాదు.

ఎందుకలా అంటే, ఈ రకం పుస్తకాల్లో చాలావాటిలో రచయితే దర్యాప్తు అధికారి, రచయితే ప్లీడరు, రచయితే జడ్జి. చదివేవాడికి కోర్టు హాలులో వెనక బెంచీ తప్ప వేరే చోటు ఉండదు. నవలలో అలా ఉంటే తప్పేమీ లేదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ చివరి పేజీలో నేరస్థుడి పేరు చెప్పాక "అలా కాదేమో" అని ఎవరూ వాదించరు, వాదించక్కర్లేదు కూడా. కానీ జరిగిన నేరం చివరి పేజీతో ముగియదు. దానికి అప్పీలు ఉంటుంది, పునర్విచారణ ఉంటుంది, క్షమాభిక్ష ఉంటుంది, ఇరవై ఏళ్ల తర్వాత మనసు మార్చుకునే సాక్షి ఉంటాడు. అందుకని బృందానికి పుస్తకం ఎంచేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న "బాగా రాశాడా?" కాదు. ఈ పుస్తకంతో తగువు పెట్టుకోవడానికి బయట ఇంకో కాగితం దొరుకుతుందా అన్నది. అది హైకోర్టు తీర్పు కావచ్చు, అదే కేసు మీద అవతలి పక్షం రాసిన పుస్తకం కావచ్చు. రెండో కాగితం చేతిలో ఉంటే వచ్చినవాళ్లు వాదించుకుంటారు. లేకపోతే కథ విని ఇంటికి పోతారు.

ఈ లెక్కన చూస్తే చెన్నైలో ఉన్నవాళ్లకు రాజీవ్ గాంధీ హత్య కేసు కంటే మంచి పాఠం దొరకదు. 1991 మే 21 రాత్రి హత్య జరిగిన శ్రీపెరుంబుదూరు నగరానికి నలభై కిలోమీటర్ల దూరం, ప్రత్యేక కోర్టు నడిచింది పూందమల్లిలో. అసలు విషయం దగ్గరా దూరమూ కాదు. ఈ కేసు మీద మూడు దిక్కుల నుంచి పుస్తకాలున్నాయి. ప్రత్యేక దర్యాప్తు బృందానికి నాయకత్వం వహించిన డి.ఆర్. కార్తికేయన్, రాధావినోద్ రాజుతో కలిసి 2004లో దర్యాప్తు కథ రాశారు. ప్రధాన దర్యాప్తు అధికారి కె. రఘోత్తమన్ ఇంగ్లిష్‌లోనూ తమిళంలోనూ తన వైపు నుంచి చెప్పారు, పైవాళ్ల మీద విమర్శలతో సహా. ఆ రోజుల్లో ఈ వార్తను వెంటాడిన విలేఖరులు నీనా గోపాల్ 2016లో, అనిరుద్ధ్య మిత్ర 2022లో తమ పుస్తకాలు తెచ్చారు. ఉరిశిక్ష పడిన పేరరివాళన్ జైలు గదిలోంచి రాసిన విన్నపం కూడా అచ్చయింది. ఒకే రాత్రి గురించి పోలీసు, పాత్రికేయుడు, ఖైదీ ముగ్గురూ మాట్లాడుతున్నారన్నమాట. వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా చదివినా నమ్మబుద్ధేస్తుంది, ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా అనుమానం మొదలవుతుంది. బృందానికి కావలసింది ఆ అనుమానమే.

తీర్పుల వరస చూడండి. 1998 జనవరి 28న పూందమల్లి కోర్టు ఇరవై ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది, ఒక్కరిని కూడా మినహాయించకుండా. 1999 మేలో సుప్రీంకోర్టు అందులో నలుగురికే ఉరి ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చి, మిగిలిన పందొమ్మిది మందినీ వదిలేసింది. అంతటితో కూడా ముగ్గురు జడ్జీలకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఉరి ఖాయమైన నలుగురిలో ఒకరైన నళినికి ఉరి వద్దు, యావజ్జీవం చాలని జస్టిస్ కె.టి. థామస్ విడిగా రాశారు, తక్కిన ఇద్దరూ ఒప్పుకోలేదు. 2000లో ఆమె శిక్ష తగ్గింది. మిగిలిన ముగ్గురి ఉరి 2014లో రద్దయింది, క్షమాభిక్ష పిటిషన్లు ఏళ్ల తరబడి తేల్చలేదన్న కారణంగా. 2022 మేలో పేరరివాళన్, ఆ నవంబరులో మిగిలిన ఆరుగురూ విడుదలయ్యారు. ఇప్పుడు 2004 నాటి పుస్తకం చివరి అధ్యాయం తెరిస్తే, అది ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో, అక్కణ్నుంచి కేసు ఎంత దూరం నడిచిందో కళ్లకు కడుతుంది.

పేరరివాళన్ మీద నేరం ఏమిటి? బాంబులో వాడిన రెండు బ్యాటరీలు కొనిచ్చాడని. 2013లో, ఆయన వాంగ్మూలం నమోదు చేసిన సీబీఐ అధికారి వి. త్యాగరాజన్ బయటికొచ్చి ఒక మాట చెప్పారు: ఆ బ్యాటరీలు ఎందుకు అడిగారో తనకు తెలియదని పేరరివాళన్ అన్నాడు, ఆ ముక్కను వాంగ్మూలంలో నేను రాయలేదు అని. ఒక్క ముక్క. దానికి ముందు వచ్చిన దర్యాప్తు అధికారుల పుస్తకాలు ఆ ముక్క లేని వాంగ్మూలాన్నే నమ్ముకుని రాసినవి. రచయితలు అబద్ధం చెప్పారని కాదు, వాళ్లకు అందిన కాగితమే అలాంటిది. అందుకని ట్రూ క్రైమ్ పుస్తకం చేతిలోకి తీసుకోగానే అట్ట మీద బొమ్మ కంటే ముందు చూడవలసింది అచ్చయిన ఏడాది. ఆ తర్వాత ఆ కేసులో ఏం జరిగిందో వెతికి చెప్పే పని ఒకరికి అప్పగించాలి, టిఫిన్లు తెచ్చే పని ఒకరికి అప్పగించినట్టే.

సుప్రీంకోర్టు తీర్పు వందల పేజీలు, అందరూ చదవరు. చదవక్కర్లేదు. పుస్తకంలో ఒక అధ్యాయం, తీర్పులో దానికి సరిపడే పది పేజీలు చాలు. ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్ని సుప్రీంకోర్టు తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా ఈమధ్య కోర్టు సైటులోనే పెడుతున్నారు. ఆ తెలుగు చదవడం ఇంకో పరీక్ష అనుకోండి. "పైన పేర్కొనబడిన అప్పీలుదారుచే" అన్న ధోరణిలో నడుస్తుంది. అయినా అచ్చ సర్కారీ తెలుగు అలవాటున్న పెద్దవాళ్లు బృందంలో ఒకరిద్దరు ఉంటారు, ఆ పేజీలు వాళ్ల వాటా.

చెన్నైకి ఈ విషయంలో ఇంకో హక్కు ఉంది. ఈ దేశంలో ట్రూ క్రైమ్ రాయడానికి గీత గీసిన తీర్పు పుట్టిందే ఇక్కడి కేసులోంచి. 1980ల చివర తిరువాన్మియూర్ ప్రాంతంలో వరస హత్యలు చేసి ఉరిశిక్షకు గురైన ఆటో శంకర్ చెంగల్పట్టు జైల్లో కూర్చుని మూడు వందల పేజీల ఆత్మకథ రాశాడు. తనకు పెద్ద పెద్ద అధికారులతో ఉన్న లావాదేవీలన్నీ అందులో పెట్టాడట. భార్య ద్వారా అది బయటికొచ్చి, తమిళ వారపత్రిక నక్కీరన్ సీరియల్‌గా వేయబోతే, జైళ్ల ఐజీ 1994 జూన్‌లో ఉత్తరం రాసి ఆపమన్నారు. పత్రిక సుప్రీంకోర్టుకెక్కింది. 1994 అక్టోబర్ 7న తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆర్. రాజగోపాల్ కేసుగా న్యాయ కళాశాలల్లో ఇప్పటికీ చెప్పుకునే ఆ తీర్పు సారాంశం ఇది: కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లో ఉన్న మేరకు ఎవరి జీవితకథనైనా వాళ్ల అనుమతి లేకుండా అచ్చువేయొచ్చు. ఆ గీత దాటి ముందుకెళ్తే వాళ్ల ఏకాంతంలోకి చొరబడినట్టే, దానికి జవాబు చెప్పుకోవాలి. లైంగిక దాడికీ అపహరణకీ గురైన ఆడవాళ్ల పేర్లు మాత్రం రికార్డులో ఉన్నా సరే బయట పెట్టకూడదు. తమ పరువు పోతుందన్న భయంతో అధికారులు ముందుగానే ప్రచురణను ఆపలేరు.

బృందానికి ఈ తీర్పు చట్టం కోసం అవసరం లేదు. చదివే పద్ధతి కోసం అవసరం. రికార్డులో ఉన్నది ఒకటి, దాన్ని దాటి రాసినది ఒకటి అని ఆ తీర్పు రెండు కుప్పలు పోసింది. ఏ ట్రూ క్రైమ్ పుస్తకంలోనైనా యాభై పేజీలు తీసుకుని పెన్సిలు పట్టుకుని అదే పని చేయవచ్చు. ఈ వాక్యం సాక్ష్యంలోంచి వచ్చిందా, రచయిత బుర్రలోంచి వచ్చిందా? "ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు" అని రాస్తే, ఎవరు చెప్పారు? హతురాలు చనిపోయే ముందు ఒంటరిగా ఏమనుకుందో రాస్తే, అది ఎవరికి తెలుసు? ఈ ఆట ఆడినవాళ్లు మళ్లీ ఏ క్రైమ్ పుస్తకాన్నీ పాత పద్ధతిలో చదవలేరు. (కొందరికి ఇది నచ్చదు. "మజా పాడుచేశారు" అంటారు. వాళ్ల మాటా కొంత నిజమే.)

ప్రపంచంలో ఈ రకానికి పెద్దన్న లాంటి పుస్తకమే ఈ పరీక్షలో తడబడింది. ట్రూమన్ కపోటే 1966లో పుస్తకంగా తెచ్చిన 'ఇన్ కోల్డ్ బ్లడ్' 1959 నవంబరులో అమెరికాలో కాన్సస్‌లోని ఒక పల్లెలో ఒకే కుటుంబంలో నలుగురు హత్యకు గురైన కథ. ప్రతి మాటా నిజమేనని ఆయన చాటుకున్నాడు. కానీ చివర శ్మశానంలో దర్యాప్తు అధికారి, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు కలిసే దృశ్యం అసలు జరగలేదని ఆ అధికారే చెప్పాడు. పుస్తకానికి అంత అందమైన ముగింపు కల్పన అని తెలిశాక, మధ్యలో ఉన్న మూడు వందల పేజీలను ఎంతవరకు నమ్మాలి? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక సాయంత్రం గడిచిపోతుంది. ఇంగ్లిష్ చదివే బృందానికి ఇది మంచి ఎంపిక అనడానికి కారణం కూడా అదే, దాని గొప్పతనం కాదు.

పాత మద్రాసు కేసులకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ముఖ్యంగా కోడంబాక్కం సినిమా రోజులు చూసినవాళ్లకు 1944 నాటి లక్ష్మీకాంతన్ హత్య కేసు పేరెత్తితే చాలు. సినిమావాళ్ల మీద బురద రాతలు రాసి బతికిన పత్రికాయన నవంబర్ 8న వేపేరిలో రిక్షాలో పోతుండగా కత్తిపోట్లకు గురై మర్నాడు జనరల్ హాస్పిటల్లో చనిపోయాడు. ఆనాటి అతిపెద్ద తార ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌నీ, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌నీ అరెస్టు చేశారు. జ్యూరీ విచారణలో యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. భాగవతార్ జైల్లో ఉండగానే ఆయన సినిమా బ్రాడ్వే థియేటర్‌లో ఏళ్ల తరబడి ఆడింది. కేసు ఆనాటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, మళ్లీ విన్నాక 1947లో ఇద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. మరి చంపించిందెవరు? తేలలేదు. తేలని కేసు బృందానికి వరం. ఎందుకంటే ఎవరి దగ్గరా చివరి పేజీ లేదు.

1952 నాటి ఆళవందార్ కేసు అలా కాదు. చైనాబజారులో పెన్నులు అమ్మిన మనిషి తల రాయపురం సముద్రపు ఒడ్డున, మొండెం రైల్లో ఒక ట్రంకు పెట్టెలో దొరికాయి. ఆ పెట్టె మానామదురై దాకా ప్రయాణం చేసింది. నిందితులైన దంపతులు దొరికారు, శిక్షా పడింది: భర్తకు ఏడేళ్లు, భార్యకు మూడేళ్లు. కథగా చెప్పుకుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కానీ నేరం ఎవరు చేశారన్న దానిమీద తగువు లేదు. తగువంతా ఆ ఏడేళ్ల దగ్గర ఉంది. శవాన్ని ముక్కలు చేసి ఊళ్లు దాటించిన కేసులో అంత తక్కువ శిక్ష ఎలా పడింది? కేసు విన్న జస్టిస్ ఎ.ఎస్. పంచాపకేశ అయ్యర్ స్వయంగా రచయిత. బోనులో నిలబడింది దంపతులే అయినా ఆ విచారణ పొడుగునా జనం తూచింది చనిపోయినవాడి నడవడిని. ఈ రెండు కేసుల గురించీ న్యాయవాదీ సినీ చరిత్రకారుడూ అయిన రాండర్ గై ఇంగ్లిష్‌లో విరివిగా రాశాడు. చదవడానికి హాయిగా, పాత మద్రాసు కబుర్ల రుచితో ఉంటాయి. కబుర్లకు పక్కన పెట్టే కాగితం కావాలంటే ఆనాటి దినపత్రికలు చూడాలి, అంటే ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం దాకా నడవాలి. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి కాబట్టి, దుకాణాల్లో దొరకని పుస్తకాలకు కూడా మొదట వెతకవలసిన చోటు అదే.

ఇక భాష. చెన్నై తెలుగు బృందంలో ముగ్గురు మూడు రకాలు. తరాల నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లు తెలుగు మాట్లాడతారు, చదవడం తమిళంలో. ఎనభైల ముందు సినిమా కోసమో వ్యాపారం కోసమో వచ్చినవాళ్లు తెలుగు చదువుతారు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ కంపెనీల్లో పనికొచ్చిన కుర్రవాళ్లకు తెలుగు వచ్చు గానీ పుస్తకం అంటే ఇంగ్లిషే. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లల్లో మన లిపి చదివేవాళ్లు మరీ పలచబడ్డారు. ఇలాంటి చోట ఒకే భాషలో ఉన్న పుస్తకం పెడితే సగం మంది వినడానికే వస్తారు. రెండు భాషల్లో దొరికే పుస్తకం అందుకే మేలు. రఘోత్తమన్ పుస్తకం తమిళంలోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండడం ఇక్కడ కలిసొచ్చే సంగతి. చర్చ తెలుగులో నడుస్తుంది కాబట్టి వచ్చే చిన్న ఇబ్బంది ఒకటుంది: నిందితుడు, ముద్దాయి, దోషి, నేరస్థుడు అన్న మాటలు మాటల వేడిలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అరెస్టయిన మర్నాడే మన పత్రికలు "హంతకుడు" అని రాయడం అలవాటు చేశాయి కదా. ఈ నాలుగు మాటలనూ విడివిడిగా వాడాలన్న ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే సగం చర్చ దానంతటదే పదునెక్కుతుంది.

తెలుగులోనే కావాలంటే? పేరుమోసిన కేసు ఒకదాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగి, కోర్టు కాగితాలు తిరగేసి రాసిన పెద్ద పుస్తకాలు మన భాషలో చాలా తక్కువ. రిటైరైన పోలీసు అధికారుల జ్ఞాపకాలు, వారపత్రికల్లో వచ్చిన నేరకథనాలు ఉన్నాయి. వాటిలో పోలీసు ఎప్పుడూ గెలుస్తాడు. అయితే తెలుగు ట్రూ క్రైమ్ లేదనడం తొందరపాటు. అది వేరే పేరుతో, వేరే అరలో ఉంది. పౌరహక్కుల సంఘాలు డెబ్బైల నుంచీ అచ్చువేస్తూ వచ్చిన నిజనిర్ధారణ నివేదికలే అవి. పలచని పుస్తకాలు, చవక కాగితం, అట్ట మీద బొమ్మ కూడా ఉండదు. లోపల మాత్రం ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎన్నింటికి ఏం జరిగింది, పోలీసులు ఎప్పుడొచ్చారు, ఎఫ్ఐఆర్‌లో ఏముంది, ఊళ్లోవాళ్లు ఏం చెప్పారు అన్నీ వరసగా ఉంటాయి. హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ ఈ రకం రచనకు తెచ్చిన క్రమశిక్షణ చూస్తే, కల్పించిన సంభాషణలతో నడిచే క్రైమ్ పుస్తకాలు పేలవంగా కనిపిస్తాయి.

కారంచేడు, చుండూరు మీద వచ్చిన రాతలు ఈ కోవలోవే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని. చుండూరు కేసు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైలు చుండూరు స్టేషన్ మీదుగానే పోతుంది, ఏడాదికి నాలుగైదుసార్లు ఆ దారిన వెళ్లేవాళ్లే బృందంలో సగం మంది ఉంటారు. అయినా హత్య కేసు పుస్తకం అనగానే ఎవరికీ ఇవి గుర్తుకు రావు. సీరియల్ కిల్లర్ అయితే క్రైమ్, ఊరు ఊరంతా కలిసి చంపితే "సామాజిక సమస్య" అనుకోవడం మన అలవాటు. పుస్తకాల దుకాణంలో అరలు కూడా అలాగే సర్దుతారు. ఒక బృందం ఈ అరను దాటి ప్రత్యేక కోర్టు తీర్పునూ హైకోర్టు తీర్పునూ పక్కపక్కన పెట్టి చదివితే, అదే సాక్ష్యం ఒక చోట చాలినంతగా, ఇంకో చోట చాలనంతగా ఎలా మారిందో తేల్చుకోవడానికి ఒక్క నెల సరిపోదు. చుండూరు పెట్టిన రోజు గొంతులు లేస్తాయి. "వాళ్లేంట్లు?" అని కులం అడిగే ప్రశ్న మామూలు హత్య కేసులో గుసగుసగా వస్తుంది, ఇక్కడ బల్ల మీదికే వస్తుంది. అందుకు సిద్ధపడే పెట్టాలి.

చనిపోయినవాళ్లకు పుస్తకంలో ఎంత చోటు దక్కిందన్నది ఇంకో కొలత. దీనికి వేలితో పేజీలు లెక్కపెట్టడం కంటే మంచి పద్ధతి లేదు. హంతకుడి బాల్యానికి ముప్పై పేజీలు, హతురాలి జీవితానికి ఒక పేరా ఉంటే, పుస్తకం ఎవరి పక్షమో ముందుమాటలో ఏం రాసుకున్నా తెలిసిపోతుంది. హ్యాలీ రూబెన్‌హోల్డ్ 2019లో రాసిన 'ది ఫైవ్' దీనికి ఎదురు చివర నిలుస్తుంది. 1888లో లండన్‌లో జాక్ ది రిప్పర్ అని పేరుపడి, అసలు ఎవరో తేలని హంతకుడి చేతిలో పోయిన ఐదుగురు ఆడవాళ్లు ఎక్కడ పుట్టారు, ఏ పనులు చేశారు, ఎలా ఇల్లు లేనివాళ్లయ్యారు అని రాసింది గానీ హత్యలను దాదాపు వదిలేసింది. హంతకుడు ఎవరన్న ఊహాగానాలకు చోటే ఇవ్వలేదు. కొందరు దీన్ని ట్రూ క్రైమే కాదంటారు. ఆ మాట మీదే ఒక గంట వాదించుకోవచ్చు. రాజీవ్ హత్య పుస్తకాలకూ ఇదే కొలత పెట్టి చూస్తే, ఆ రాత్రి ఆయనతో పాటు పోయిన పోలీసులు, కార్యకర్తలు డజనుకు పైగా ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పేజీలో ఉన్నాయో వెతకమని చెబితే చాలు.

ఆరుషి కేసు మీద అవిరూక్ సేన్ 2015లో రాసిన పుస్తకం కూడా ఇలాంటి కొలతకు నిలబడాలి. 2008 మేలో నోయిడాలో ఆరుషి అనే అమ్మాయితో పాటు ఆ ఇంట్లో పనిచేసే హేమరాజ్ కూడా హత్యకు గురయ్యాడు. మొదటి రోజు పోలీసులు అతణ్నే హంతకుడనుకున్నారు, మర్నాడు డాబా మీద శవమై దొరికాడు. దేశమంతా ఆ కేసును ఒక పేరుతోనే పిలిచింది, పుస్తకం పేరు కూడా అదే.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. లైంగిక దాడికి గురైనవాళ్ల పేరు బయటపెట్టడం 1983 నుంచీ నేరం. చనిపోయినవాళ్ల విషయంలోనూ అదే కట్టుబాటని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద ఉంది. 2014లో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూ జిల్లాలో చెట్టుకు వేలాడుతూ దొరికిన ఇద్దరు అమ్మాయిల గురించి సోనియా ఫెలేరో రాసిన 'ది గుడ్ గర్ల్స్'లో పేర్లు మార్చి రాయడం అందుకే. బాధితురాలి అసలు పేరు, ఫొటో అట్ట మీదే వేసుకున్న పుస్తకం దొరికితే ఇంకేమీ పరీక్షించకుండానే పక్కన పెట్టేయవచ్చు.

ఇవి కాక చిన్న సంగతులు కొన్ని మిగులుతాయి. మూడు వందల యాభై పేజీలు దాటితే నెలలో చదవరు. శవాల ఫొటోలున్న పుస్తకమైతే ముందే చెప్పాలి, బృందంలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. ఊళ్లో ఈమధ్య జరిగిన కేసు అసలే వద్దు. హతుడి బంధువో, నిందితుడి సహోద్యోగో ఎదుటి కుర్చీలోనే కూర్చుని ఉండవచ్చు, చెన్నై తెలుగువాళ్ల లోకం అంత పెద్దది కాదు. విచారణ ఇంకా నడుస్తున్న కేసును వదిలేయడానికి అసలు కారణం కోర్టు ధిక్కారం భయం కాదు. పక్కన పెట్టుకోవడానికి తీర్పు లేకపోవడం.

తీర్పు వచ్చేసిందనుకున్న కేసు కూడా ఒక్కోసారి కదులుతుంది. ఆరుషి తల్లిదండ్రులకు 2013 నవంబరులో శిక్ష పడింది. రెండేళ్లకు సేన్ పుస్తకం ఆ తీర్పును ప్రశ్నిస్తూ వచ్చింది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులంది. 2018లో ఆ నిర్ణయం మీద సీబీఐ అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. 2015లో ఈ పుస్తకం చదివిన బృందం ఒక పుస్తకం చదివింది, 2017 తర్వాత చదివిన బృందం ఇంకోటి చదివింది. అక్షరం మారలేదు, అట్టా మారలేదు. పాత బృందమే రెండోసారి చదవదలిస్తే, మొదటిసారి ఎవరెవరు ఏమన్నారో రాసిపెట్టుకున్న నోటుబుక్కు ఉంటే తెచ్చుకోవాలి.